బాట మీద ఎన్నోసార్లు, రోడ్డు మీద ఒక్కసారి

నర్సుగా ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. మొత్తం ఎంతమంది పిల్లలకు టీకాలు వేశావని అడిగితే చెప్పలేను. సైకిల్ మీద నుంచి ఎన్నిసార్లు పడ్డావని అడిగితే మాత్రం ఒక ఆరు నెలల లెక్క గుర్తు చేసుకుని చెప్పగలను. ఎందుకంటే దానికి మా ఆరోగ్య కేంద్రంలో ప్రత్యేకంగా ఒక నోటుబుక్కు ఉండేది. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు స్కూటీల మీద వస్తున్నారు, వాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. నవ్వండి. అప్పట్లో మేమూ నవ్వాం, ఒక రోజు వరకు.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. ఎల్బీ నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల, ఒక కిరాయి ఇంట్లో రెండు గదులు, ఒక వరండా, ఒక ఫ్రిజ్. అదే మా కేంద్రం. నాకు ఇచ్చిన ఏరియా మన్సూరాబాద్ వైపు కొత్తగా వస్తున్న కాలనీలు. కాలనీ అంటే ఇప్పటి కాలనీ అనుకోకండి. ముందు ఒక బోర్డు పుట్టేది. తర్వాత తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్ళు మొలిచేవి. ఆ తర్వాత ఎప్పుడో నాలుగు ఇళ్ళు లేచేవి. ఇళ్ళకు నంబర్లు ఉండవు కాబట్టి మా రిజిస్టర్లలో చిరునామాలు "బోరు వేస్తున్న ఇంటి వెనక", "నల్లమేక ఉన్న ఇల్లు" అని రాసుకునేవాళ్ళం. నెల తిరిగేసరికి బోరు లారీ వెళ్ళిపోయేది, మేకను అమ్మేసేవాళ్ళు, మేం మళ్ళీ వెతుక్కునేవాళ్ళం.

లోపలికి బస్సులు లేవు. టీకా మందులు ఐసు పెట్టిన నీలం డబ్బాలో భుజాన వేసుకుని నడిచేదాన్ని. ఎండాకాలంలో నేను చేరేసరికి నా పని, ఐసు పని ఒకేసారి అయిపోయేవి.

మా కేంద్రంలో ఒక మలేరియా వర్కర్ ఉండేవాడు. నల్గొండ వైపు మనిషి, నలభై దాటినవాడు. ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క తీసుకోవడం ఆయన పని. ఆయన్ను చూస్తే పిల్లలు గోడలు దూకి పారిపోయేవాళ్ళు. నన్ను చూసినా అంతే. అందుకే మా ఇద్దరికీ మొదటి నుంచీ స్నేహం కుదిరింది. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఆయన సైకిల్ సీటుకు వాళ్ళావిడ పాత స్వెట్టర్ విప్పి అల్లిన తొడుగు ఉండేది. దాని మీద ఇంకొకరు కూర్చోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఒక రోజు డబ్బా మూత తీసి చూస్తే ఐసు బదులు నీళ్ళు ఉన్నాయి. ఆయన పక్కనే ఉన్నాడు.

"ఐసు నీ కోసం ఆగుతదా చెల్లె? సైకిల్ నేర్చుకో," అన్నాడు.

మా అమ్మ వారం రోజులు వద్దంది. ఎనిమిదో రోజు నా కాళ్ళ పగుళ్ళు చూసి సరేనంది. ఒక ఖాళీ వెంచర్‌లో సాయంత్రాలు, సీటు తొడుగు తీసేసి, తన సైకిల్ మీదే ఆయన నేర్పాడు. అంత పెద్ద మైదానంలో నా ముందు చక్రం మాత్రం వెతికి వెతికి హద్దు రాయినే గుద్దేది. నేను పడగొట్టిన ప్రతి రాయినీ ఆయన మళ్ళీ ఉన్నచోటే పాతేవాడు. జానెడు అటూ ఇటూ అయితే ప్లాటుదారులు కొట్టుకుంటారని ఆయన భయం. ఎంత జాగ్రత్తపడ్డా ఆ కాలనీలో ఎవరో ఒకరి వంటగది నా వల్ల కాస్త పెద్దదయి ఉంటుందని నా అనుమానం. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో పాత లేడీస్ సైకిల్ కొన్నాను.

సైకిల్ వచ్చాక దారి గొడవ మొదలైంది.

మా కేంద్రం నుంచి మన్సూరాబాద్ వైపుకు రెండు దారులు. ఒకటి విజయవాడ రోడ్డు. నున్నటి తారు, తొక్కితే సైకిల్ తనంత తానే పోతున్నట్టు ఉండేది. కానీ పక్క నుంచి లారీలు, దూరం పోయే బస్సులు. అటు పెద్ద అంబర్‌పేట్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఊరు దగ్గరపడిందన్న ఆత్రం, ఇటు నుంచి పోయేవాళ్ళకు ఊరు దాటామన్న హుషారు. రెండో దారి కేంద్రం వెనక నుంచి పోయే బాట. జొన్న చేలు, ఆముదం చేలు, బండరాళ్ళు, మధ్య మధ్య కొత్త ప్లాట్లు. ఆ బాట ఒకచోట నిలిచి ఉండేది కాదు. నిన్న పోయిన చోట ఇవాళ పునాది తవ్వేవాళ్ళు. మనుషులు పక్క నుంచి నడిచి ఇంకో బాట వేసేవాళ్ళు.

మా సూపర్‌వైజరమ్మ రోడ్డు మీదే పొమ్మనేది. ఆడమనిషికి నలుగురు కనిపించే చోటే క్షేమమని ఆవిడ మాట. ఆ మాటలో నిజం లేకపోలేదు. చేల మధ్య ఒంటరిగా పోతుంటే వెనక ఆకు కదిలినా గుండె ఝల్లుమనేది. మలేరియా అన్న మాత్రం బాటే అనేవాడు.

"బాట మీద ఎదురొచ్చేది బర్రె. బర్రెకు మనం కనబడుతం. లారీకి కనబడం," అని ఆయన వాదం.

నేను ఒక రోజు ఇటు, ఒక రోజు అటు పోయేదాన్ని. బాట మీద పోయిన రోజు పడేదాన్ని. తుమ్మ ముల్లు దిగి పడ్డాను. బర్రె పక్కకు జరుగుతుందనుకుంటే జరగక పడ్డాను. నేను దానికి కనబడ్డాను, కానీ అది నిలబడే ఉంది. ఒకసారి ఇల్లు కడుతున్నచోట సున్నం నానబెట్టిన గుంటలో మోకాళ్ళ దాకా దిగాను. ఆ తెల్ల కాళ్ళతో కేంద్రానికి వస్తే డాక్టరు గారు వరండాలో ఉన్నారు.

మా డాక్టరు గారిది కృష్ణా జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం, స్కూటర్ మీద వచ్చేవారు. మంచి మనిషి, రోగిని విసుక్కోవడం నేను చూడలేదు. ఒకటే బలహీనత. దేనికైనా ఒక రిజిస్టరు ఉండాలి. నా కాళ్ళు చూసి ఇది ఎన్నోసారి అని అడిగారు. తెలియదన్నాను. తెలియకపోవడమే ఆయనకు నచ్చలేదు. ఆ మధ్యాహ్నమే ఒక కొత్త నోటుబుక్కుకు గీతలు కొట్టారు. తేదీ, ఎవరు, బాటా రోడ్డా, దెబ్బ ఎక్కడ. సైకిల్ తొక్కే సిబ్బంది ఎప్పుడు పడ్డా అందులో రాయాలి. ఏ దారి మంచిదో దానంతట అదే తేలిపోతుందన్నారు.

ఆ నోటుబుక్కు మాకు పెద్ద కాలక్షేపమైంది. నాకు రాయడం సరదా. మోకాలు గీరుకుపోతే "కుడి మోకాలు, రూపాయి బిళ్ళంత" అని రాసేదాన్ని. కుక్క తరిమితే కుక్క రంగుతో సహా రాసేదాన్ని. అన్న పొట్టిగా "బాట. పడ్డ. లేచిన" అని మూడు మాటలు రాసేవాడు. మా కేంద్రం ఊడ్చి తుడిచే ఆయా, మధ్యాహ్నం అన్నం తింటూ నాచేత అవి చదివించుకుని నవ్వేది. బాట వైపు పేజీలు నిండిపోయాయి. రోడ్డు వైపు ఖాళీ. ఒకసారి అన్న చౌరస్తా దగ్గర లారీకి భయపడి సైకిల్ దిగిపోయానని రాస్తే డాక్టరు గారు దాన్ని కొట్టేశారు. పడితేనే రాయాలి, పడనిది లెక్కలోకి రాదని చెప్పారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

నోటుబుక్కు పెట్టిన మూడో నెలలో ఒక ఉదయం రోడ్డు మీద పోతున్నాను. వెనక నుంచి ఒక బస్సు వచ్చింది. అది నన్ను ముట్టుకోలేదు. కానీ దాని గాలి నా చీర కొంగును లాగింది, హ్యాండిల్ నా మాట వినలేదు, తారు దిగి కంకర మీదికి పోయాను. రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి నిలబడ్డాను. పడలేదు. బస్సు ఎప్పుడో పోయింది. నేను మాత్రం అక్కడే, ఎంతసేపో తెలియదు, సైకిల్‌ను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. సోడా బండి ఆయన వచ్చి నీళ్ళిచ్చాడు. బస్సు చక్రం నా చెప్పుకు ఎంత దగ్గరగా పోయిందో ఆయన చేత్తో చూపించాడు. బెత్తెడు.

సాయంత్రం కేంద్రానికి వచ్చి నోటుబుక్కు తెరిచాను. పడలేదు కదా అనుకున్నాను. అది పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతి వేరు. ఇది తెలిస్తే సూపర్‌వైజరమ్మ సైకిల్ మాన్పిస్తుంది, ఇంట్లో అమ్మ అంతకంటే ముందు మాన్పిస్తుంది. మళ్ళీ డబ్బా భుజాన వేసుకుని నడవాలి. నోటుబుక్కు మూసేశాను. ఆ తర్వాత అలాంటివి ఇంకో రెండుసార్లు జరిగాయి. అవీ రాయలేదు.

ఆరు నెలలు నిండాక డాక్టరు గారు అందరినీ కూర్చోబెట్టి నోటుబుక్కు చదివారు. బాట మీద పడినవి లెక్కపెట్టడానికే చాలాసేపు పట్టింది. రోడ్డు మీద ఒక్కటీ లేదు. ఇంత స్పష్టంగా తేలుతుందని తాను కూడా అనుకోలేదన్నారు. ఇక మీదట సైకిళ్ళన్నీ రోడ్డు మీదే పోవాలని కాగితం రాసి అందరి సంతకాలు అడిగారు.

అన్న పెన్ను పట్టుకుని ఆగాడు. "సార్, రోడ్డు మీద పడ్డోడు మల్లొచ్చి గీ బుక్కుల రాస్తడా?" అని అడిగాడు.

అందరం నవ్వాం. డాక్టరు గారు కూడా నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వి ఉంటాను, ఎందుకంటే చెప్పాల్సిన మాట నా గొంతులో ఉంది. అన్న సంతకం పెట్టాడు. ఆయన మాట అన్నాక పట్టుబట్టే మనిషి కాదు. పెట్టిన సంతకాన్ని తప్పే మనిషి కూడా కాదు.

అప్పటి నుంచి రెండు నెలలు ఎవరమూ పడలేదు. డాక్టరు గారు సంతోషంగా ఉన్నారు.

ఒక బుధవారం. మా టీకాల రోజు. నా సైకిల్ గొలుసు తెగి రిపేరు దుకాణంలో ఉంది. మన్సూరాబాద్ దగ్గర సగం కట్టిన ఒక ఇంట్లో తల్లులు పిల్లల్ని తీసుకుని పది గంటలకు వస్తారు. నడిచిపోతే ఐసు ఆగదు. అన్న ఆ వైపే పోతున్నాడు. డబ్బా తాను తీసుకుపోతానని, నన్ను మెల్లగా నడుచుకుంటూ రమ్మని చెప్పాడు. కాగితంలో రాసింది సైకిళ్ళ గురించే కాబట్టి నేను నడిచి బాట మీద పోయాను. ఆయన డబ్బాను వెనక క్యారియర్ మీద పెట్టి, ట్యూబు ముక్కతో కట్టి, రోడ్డెక్కాడు.

నేను పోయేసరికి తల్లులు ఉన్నారు. డబ్బా లేదు. పదిన్నరైంది. పిల్లలు ఏడుస్తున్నారు. ఆ ఇంటావిడ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకుంటున్న మనిషి. అందరికీ మజ్జిగ ఇచ్చింది. నాకు కోపం పెరిగింది. దారిలో ఎక్కడో హోటల్లో చాయ్ తాగుతూ కూర్చుని ఉంటాడని ఆవిడతో అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంతకాలమైనా అది నాకు పోదు.

పదకొండుకు ఒక మనిషి సైకిల్ మీద వచ్చాడు. రోడ్డు పక్కన పంక్చర్ దుకాణం ఆయన. ముందు డబ్బా దించి నా ముందు పెట్టాడు.

"నర్సమ్మా, మీ మలేరియాయనకు లారీ తగిలింది. మోరీ కాడ. కాలు పోయినట్టుంది, ఆటోల ఏసి దవాఖానకు తోలిచ్చినం. డబ్బా ముందుగాల మీకియ్యమన్నడు."

రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ ఉన్నచోట రోడ్డు ఇరుకవుతుంది. సైకిల్ దిగడానికి పక్కన మట్టి ఉండదు, అడుగెత్తు రాతిగోడ ఉంటుంది. ఇసుక లారీ అక్కడే ఆయన్ను దాటబోయింది. హ్యాండిల్‌కు తగిలి ఆయన గోడ మీద పడ్డాడు. లారీ ఆగలేదు. తగిలిందని దానికి తెలుసో లేదో కూడా మాకు తెలియదు.

ఇంటావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ముందు ఆయన్ని చూసి రండమ్మా. పిల్లలదేముంది, రేపైనా వస్తాం," అంది.

నేను డబ్బా మూత తీశాను. ఒక సీసా పగిలింది. మిగతావి బాగున్నాయి. ఐసు గట్టిగానే ఉంది. దెబ్బ తిన్న మనిషి ఈ డబ్బా ముందు పంపమన్నాడు. నేను కూర్చుని టీకాలు వేయడం మొదలుపెట్టాను. ఆవిడ ఒక్కొక్క పిల్లను ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. చివరి పిల్లకు చుక్కలు వేసి, ఖాళీ డబ్బా అక్కడే వదిలేసి, రోడ్డు దాకా పరిగెత్తాను. మంచి పని చేశానా, చెడ్డ పని చేశానా అని మీరు అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

దవాఖానలో వార్డు చివరి మంచం. తొడ నుంచి పాదం దాకా చెక్కలు కట్టి పడుకోబెట్టారు. తలకు పట్టీ. ముఖం పాలిపోయింది. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట ఐసు కరిగిందా అని. కరగలేదని, పిల్లలందరికీ అయిందని చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు.

వాళ్ళావిడ మందుల కోసం బయటికి పోయాక నేను మంచం అంచున కూర్చుని చెప్పేశాను. బస్సు సంగతి, బెత్తెడు సంగతి, నోటుబుక్కు మూసేసిన సంగతి. నేను అవి రాసి ఉంటే ఆ కాగితం వచ్చేది కాదని చెప్పాను. ఏడ్చాను కూడా.

ఆయన పట్టీ కట్టిన తల మెల్లగా నా వైపు తిప్పాడు. తర్వాత, "రాస్తే సైకిల్ గుంజుకుంటరని భయపడ్డవా?" అని అడిగాడు.

తల ఊపాను.

"నన్ను గూడ మూడుసార్లు రోడ్డు దింపినయ్. ఒక్కసారి రాస్తే సారు కొట్టేసిండు. మిగిలినయి రాయలే. పడకపాయె, ఏం రాయాలె?" అన్నాడు. మళ్ళీ తనే, "ఇయ్యాల్టిది మాత్రం రాయి చెల్లె. రంగుతోని సహా రాయి. లారీ పచ్చది," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఆయన కాలు పోలేదు. అతుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. కాస్త కుంటుతూ తిరిగి వచ్చాడు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మీరు ఆ దిగులుతో మిగతాది చదవకూడదని. ఆ బాట ఇప్పుడు లేదు. కాలనీలు కలిసిపోయి అంతా రోడ్లే అయ్యాయి, మీకు నాలాగా ఎంచుకునే వీలు కూడా లేదు. అందుకే మీతో ఒక్కటి చెప్పుకుంటాను. మీకు జరగబోయి జరగనిది ఏదైనా ఉంటే, అది ఎంత సిగ్గుగా ఉన్నా ఎవరికో ఒకరికి చెప్పండి. కాగితంలో దానికి గడి లేకపోతే పక్కన రాయండి.

మర్నాడు డాక్టరు గారికి కూడా అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. తాను కొట్టేసిన అన్న వాక్యం ఉన్న పేజీ తీసి, దాని వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ మూడు రోజులూ సాయంత్రం దవాఖానకు వెళ్ళి అన్న మంచం పక్కన కూర్చుని వచ్చేవారని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు ఉదయం నా దగ్గరికి వచ్చి, "మీ సైకిలొకసారి ఇస్తారా?" అని అడిగారు.

రిపేరు నుంచి వచ్చిన నా సైకిల్ లేడీస్ సైకిలని గుర్తు చేశాను. ఫరవాలేదన్నారు. కాలేజీలో చదివేటప్పుడు తొక్కిందే తప్ప మళ్ళీ ముట్టుకోలేదట. ప్యాంటు కాళ్ళకు రబ్బరు బ్యాండ్లు వేసుకుని, చొక్కా జేబులో కళ్ళజోడు డబ్బా పెట్టుకుని, మా వీధిలో రెండు వంకర్లు పోయి, రోడ్డు వైపు తిరిగారు. పోయేటప్పుడు రోడ్డు మీద, వచ్చేటప్పుడు బాట మీద వస్తానని ఆయాతో చెప్పి వెళ్ళారు. బయట బెంచీ మీద కూర్చున్న రోగులకు ఆయా ఏమని సర్దిచెప్పిందో కానీ, ఒక్కరూ లేచిపోలేదు. అందరూ బాట వైపు చూస్తూ కూర్చున్నారు.

రెండు గంటల తర్వాత ఆముదం చేలలోంచి డాక్టరు గారు నడుచుకుంటూ వచ్చారు. సైకిల్‌ను పక్కన నడిపిస్తున్నారు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. చొక్కా నిండా ఎర్రమన్ను. జుట్టులో ఒక ఆకు. రెండుసార్లు పడ్డానని, రెండోసారి బర్రె వల్ల అని, ఏదో బహుమతి గెలిచినట్టు చెప్పారు. ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మోచేతికి మందు రాశాను.

ఆయా చాయ్ తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి చాయ్ ఒలికింది. రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నారు. అయినా వణుకు ఆగలేదు. పడ్డందుకు దడ పుట్టినట్టుంది, కాసేపు పడుకోండి సార్ అన్నాను.

"ఇది బాటది కాదమ్మా. వెళ్ళేటప్పటిది," అన్నారు.

రోడ్డు మీద ఏం జరిగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆయన అక్కడ పడలేదు, అది మాత్రం నాకు తెలుసు. చాయ్ సగం తాగి గ్లాసు కింద పెట్టారు. మేం సంతకాలు పెట్టిన కాగితాన్ని గోడ మీద నుంచి ఊడబీకి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపటి నుంచి బాట మీదే వెళ్ళండి," అన్నారు. "పడితే పడండి. లేచి రండి."